టముకు తవిటయ్య సొంత మాట

తవిటయ్య అని టముకు కొట్టేవాడొకడు ఉండేవాడంట, వంశధార అవతలి ఒడ్డున, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో. మనిషిని చూస్తే చీపురుపుల్ల. గొంతు మాత్రం, ఏం చెప్పమంటారు, వాడు తూర్పు వీధిలో "వినండోయ్" అన్నాడంటే పడమటి వీధిలో పాలు తాగుతున్న దూడ తల ఎత్తేదంట. ఊళ్ళో ఏది చెప్పాలన్నా వాడే. చెరువు తూము ఎత్తుతున్నారని చెప్పాలన్నా వాడే, ఫలానా వాళ్ళ గేదె తప్పిపోయిందని చెప్పాలన్నా వాడే, శిస్తు కట్టమని చెప్పాలన్నా వాడే. శిస్తంటే జనానికి మంట కదా, తిట్టేవాళ్ళు. అప్పుడు వాడు టముకు మీద రెండు దెబ్బలేసి, చివర్లో ఒక ముక్క కలిపేవాడంట: "మాట కరణంగారిది, గొంతు నాది." ఇంక తిట్లన్నీ కరణానికి పోయేవి, వీడికి రెండు ముంజలో గుప్పెడు వేరుశనక్కాయలో దక్కేవి. అలా ఇరవై ఏళ్ళు అనుకోండి. ఇరవై ఏళ్ళు ఊరందరి మాటా చెప్పాడు గానీ తన మాట ఒక్కటీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ పడలేదు.

పని దాలమ్మ దగ్గర పడింది. దాలమ్మ ఎవరంటే, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే మనిషి. మొగుడు పోయి అయిదేళ్ళయింది. వాళ్ళలో మారుమనువు ఉంది, అందులో తప్పేం లేదు. ఆవిడ గొంతూ తక్కువదేం కాదు. ఏమైందంటే, ఒకనాడు ఇద్దరూ ఒకే వీధిలో ఎదురుపడ్డారంట. వీడు తూము సంగతి చెబుతున్నాడు, ఆవిడ నెత్తళ్ళు నెత్తళ్ళు అంటోంది, వీధి అరుగుల మీద జనానికి ఏదీ తెలియట్లేదు. ఆవిడ గంప దించి, ఓ టముకోడా, కాసేపు ఆపు, నీ కేకలకి నా చేపలు లేచి మళ్ళీ సముద్రంలోకి పోయేలాగున్నాయి అందంట. వాడు, నాదేటుంది తల్లీ, ఇది మునసబు నాయుడుగారి చాటింపు, ఆపడానికి నానెవుణ్ణి అన్నాడు. "ఆపడానిక్కూడా ఒకల్ని అడగాలేటి నువ్వు?" అంది దాలమ్మ. వాడు టముకు దించేశాడు. ఆ పూటే ఒప్పందం అయిపోయింది. వాడు తూర్పు నుంచి రావాలి, ఆవిడ పడమర నుంచి రావాలి, మధ్యలో గానుగ దగ్గర కలిసి, కాసేపు కూర్చుని, ఎవరి దారిన వాళ్ళు పోవాలి. ఆ కాసేపు కాస్తా రెండేళ్ళలో ఎంతైందనుకున్నారు, గానుగెద్దు తిరిగి తిరిగి అలిసిపోయి పడుకున్నా వీళ్ళ మాటలు అయ్యేవి కావంట.

రెండేళ్ళు చూసింది, వీడు నోరు విప్పడు. చివరికి ఆవిడే అడిగేసింది. "తవిటీ, నన్ను మనువాడతావేటి?" వాడు తలూపాడు. ఎంత గట్టిగా ఊపాడంటే తలపాగా జారి ఒళ్ళో పడింది. దాలమ్మ నవ్వలేదు. తలూపితే సాలదు అంది. "ఎనకటోడు ఇంట్లో నన్ను రాణీ అనేవోడు. సంతలో ఎదురైతే ఎవులో ఎరగనట్టు పోయేవోడు. మల్లీ అలాటోడు నాకొద్దు. అమాస నాడు పెద్దలు కూకుంటారు కదా, అక్కడ నలుగురిలో నువ్వు లేసి అడగాల. అడగలేదనుకో, ఆ మర్నాడే గంపెత్తుకుని సముద్రం ఒడ్డుకి, మా అన్న ఊరు పోతాను. మల్లీ ఈ ఊళ్ళో అడుగెట్టను." అదీ షరతు. మనిషి మాటంటే మాటే, పోతానందంటే పోతుంది. వాడికి తెలుసు.

ఓస్, ఇంతేనా, చాటింపు వేసేవాడికి ఇదొక లెక్కా అంటారు మీరు. వాడూ అలాగే అనుకున్నాడంట. ఇంటికొచ్చి, తలుపేసుకుని, గోడ ముందు నిలబడి "దాలమ్మని" అన్నాడు. గొంతు ఆగిపోయింది. టముకు పట్టుకుని మళ్ళీ చూశాడు. "వినండోయ్" వచ్చింది, "ఊరోళ్ళారా" వచ్చింది, "దాలమ్మని" వచ్చింది, ఆ తర్వాత రావాల్సింది రాదే. ఎండు రొట్టె అడ్డం పడినట్టు అక్కడే ఆగింది. కరణం మాటైతే చెప్పేవాడు, నాయుడి మాటైతే చెప్పేవాడు, ఇది ఎవరి మాటని చెప్పాలి? నాలుగు రోజులు అదే పని. అయిదో రోజు వాడికొక ఉపాయం తట్టింది, చూడండి, ఇలాంటిది టముకోడికే తడుతుంది. ఊళ్ళో ఎవరికి చెప్పుకోవాల్సిన మాటున్నా నన్ను పిలుస్తారు కదా, మరి నాకు చెప్పుకోవాల్సిన మాటుంటే నేను ఇంకో టముకోణ్ణి పిలుచుకోవాలి, అదే కదా పద్ధతి, అనుకున్నాడు. పొరుగూళ్ళో పైడయ్య ఉన్నాడు. ఎర్ర తలపాగా, మెలేసిన మీసం, గొంతు తేనె. వాడి దగ్గరికి పోయి సంగతంతా చెప్పాడు. పైడయ్య, ఓస్, ఆ మాత్రం దానికేటి, ఒక పూట కూడెట్టు, ఊరు దద్దరిల్లేలా సెప్తాను అన్నాడంట.

అమావాస్య వచ్చింది. మధ్యాహ్నం కూళ్ళు తిని పెద్దలంతా రచ్చబండ దగ్గర కూర్చున్నారు. గవరయ్య పెద్ద, చెవి కొంచెం మందం ఆయనకి. దాలమ్మ ఒక పక్కన గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఏటి తవిటయ్యా, ఏదో అడగాలన్నావంట అన్నాడు గవరయ్య. తవిటయ్య లేచాడు, పక్కకి చూశాడు. పైడయ్య ముందుకొచ్చి టముకు మీద ఒక్క మోత మోయించి, "వినండోయ్ పెద్దలారా, ఈ ఊరి దాలమ్మని మనువాడాలని కోరిక, కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటానని మాట, పెద్దలు దీవించాలని మనవీ" అని సాగదీసి, ఆఖర్న మర్యాదగా, "మాట తవిటయ్యది, గొంతు నాది" అన్నాడంట. ఎంత బాగా చెప్పాడంటే ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగండి, ఒక సంగతి చెప్పాలి. మా ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ఒక మాట నేర్పారు, 'అవౌ' అని. ఇంగ్లీషులో మిగతావన్నీ పోయాయి నాకు, ఇదొక్కటే మిగిలింది. దాచకుండా, నలుగురెదుట, అవును ఇది నాదే అని చెప్పడమంట దానర్థం. అనౌన్స్ అనేది ఎవరి తరఫునైనా చెయ్యొచ్చురా, బస్టాండులో మైకు పట్టుకున్నవాడు చేస్తాడు, బస్సేం వాడిది కాదు కదా అనేవారు మాస్టారు. అవౌ అలా కాదు, ఎవడిది వాడే చెయ్యాలి. తన నమ్మకం కావచ్చు, తన తప్పు కావచ్చు, తన ప్రేమ కావచ్చు. వాక్యం రాయమంటే నేను రాశాను కూడా, 'మా అన్నయ్య మామిడికాయలు దొంగిలించాడని నేను అవౌ చేస్తున్నాను' అని. మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేశారు. అన్నయ్య సంగతి నీకెందుకురా, నువ్వు దొంగిలించినవేవైనా ఉంటే రాయి అన్నారు. ఉన్నాయి గానీ రాయలేదు. సరే, తవిటయ్య దగ్గరికి వద్దాం.

దాలమ్మ లేచింది. ఎర్ర తలపాగా వైపు తిరిగి, "ఎవుల మాటో నాకు తెలీదు గవరయ్య మావా. నాకు ఇనబడింది ఈ గొంతు. అడిగినోడు ఈయన. నాకు ఇష్టమే" అంది. గవరయ్య గడ్డం గోక్కుని, మన కట్టుబాటూ అదే కదా, నలుగురిలో ఎవుడి నోటంట వస్తే మాట వాడిదే అన్నాడు. పైడయ్య ఒక నిమిషం బిత్తరపోయాడంట, ఆ తర్వాత తలపాగా విప్పి కొత్తగా చుట్టుకున్నాడు. మీసం సర్దుకున్నాడు. "మరి, నాకూ పెళ్ళాం లేదు" అన్నాడు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ఒకాయన అయితే, ఇదీ బాగానే ఉందన్నాడు కూడా. దాలమ్మ తవిటయ్య వైపు చూడనైనా చూడలేదు.

అప్పుడు లేచిందంట వాడి గొంతు. చాటింపు గొంతు కాదు, ఎవరూ ఎప్పుడూ వినని గొంతు, పిల్లి పిల్లంత సన్నంగా. "నాది. మాట నాది. దాలమ్మని నాను సేసుకుంటాను." గవరయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టి, ఏటన్నావు, ఇనబడలేదు అన్నాడు. "గొంతూ నాదే, మాటా నాదే. దాలమ్మ నాక్కావాల." ఇంకాస్త గట్టిగా వచ్చింది. ఆ వెనకాల ఉన్నవాళ్ళు కావాలనే, మాకు ఇనబడలేదు, మల్లీ సెప్పు అన్నారు. ఇంక వాడు టముకు లేకుండా ఎత్తుకున్నాడు చూడండి, పేరు పెట్టి, ఇంటిపేరు పెట్టి, సంతలో ఎదురైతే ఆవిడ గంప నా నెత్తిన పెట్టుకుని నడుస్తానని కూడా కలిపి, మూడు వీధులకీ వినబడేలా. మూడోసారి అయ్యాక, ఇంకా చెప్పేలా ఉన్నాడని దాలమ్మే వాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగి, "మొదటిసారే ఇనబడింది. కూకో" అంది.

పెళ్ళయింది. పైడయ్యకి నెత్తళ్ళ పులుసుతో కూడు పెట్టారు, ఒప్పుకున్న కూలే కదా. వాడు మాత్రం బతికున్నన్నాళ్ళూ, ఆ సంబంధం నేను వదిలేసుకున్నది అని చెప్పుకునేవాడంట. నా సంగతంటారా. మా పెళ్ళికి అడగడానికి మా మేనమామ వెళ్ళాడు, మాటలన్నీ ఆయనే మాట్లాడాడు, నేను పక్కన కూర్చుని జంతికలు తిన్నాను. మీ అత్త ఇప్పటికీ అంటుంది, ముప్ఫయ్యారేళ్ళయింది, నన్ను నువ్వెప్పుడడిగావు అని. అడుగుదామనే ఉంది నాకూ. అదిగో, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, విన్నారా. లేవండి లేవండి, ఇంక ఇళ్ళకి పదండి, ఇంతమందిని ముందు పెట్టుకుని ఎలా అడిగేది.