కుర్మయ్య చెప్పించిన ఒట్టు

మా భాగ్యమ్మ ప్రమాణం చేసింది! ఈ పొద్దున పది గంటలకు, పంచాయతీ ఆఫీసులో, కాగితం చూడకుండా, గొంతెత్తి చేసింది. నా బిడ్డ ఇప్పుడు ఈ ఊరికి నిఖార్సయిన సర్పంచి!

అయ్యలారా, అమ్మలారా, మన్నించండి. సంతాప సభలో ఈ ముసలి రాములు మొదటి మాట ఇదేమిటని మీకు అనిపించవచ్చు. ఏం చేయను? నాలుగు రోజుల కింద మనల్ని విడిచిపోయిన మా బావ కుర్మయ్య బతికుంటే ముందుగా అడిగేది ఇదే. ఆయన ఫోటో ముందు ఇంకో మాటతో ఎలా మొదలుపెట్టను? దుఃఖం ఆగడం లేదు, సంతోషమూ ఆగడం లేదు.

కుర్మయ్య మన బడిలో ముప్పై ఏళ్లు బంట్రోతు. నా చెల్లెలు దుర్గవ్వ భర్త. అంతేనా? మన పెద్దాయనకు ఈ ఊళ్లో అంతటి భక్తుడు ఇంకొకడున్నాడా? బోరు వేయించాడని, బస్సు తెప్పించాడని, ఆ నాయకుడి ఫోటోను దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. ఎన్నికలొస్తే కండువా వేసుకుని అందరికంటే ముందు నడిచేవాడు.

ఒక జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేయడానికి పెద్దాయన ఎనిమిదికి వస్తానన్నారు. పది అయింది, పదకొండు అయింది. కారు జాడ లేదు. పిల్లలు వరుసల్లోనే కూలబడుతున్నారు. హెడ్మాస్టరు రోడ్డు వైపే చూస్తున్నారు. కుర్మయ్య ఏం చేశాడు? తాడు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "గుంజుండ్రి సారూ. ఇయ్యాల రాజ్యాంగం పండుగ, పెద్దాయన పుట్టినరోజు గాదు. ఆయనొస్తే ఛాయ్ తాగి పోతడు" అన్నాడు. జెండా ఎగిరింది. మధ్యాహ్నం పెద్దాయన వస్తే మొదటి దండ వేసిందెవరు? కుర్మయ్యే! జై కొట్టి కొట్టి గొంతు పోగొట్టుకున్నాడు. అయినా అనుచరులు ఊరుకోలేదు, దూరపు బడికి బదిలీ చేయించారు. రెండేళ్లు సైకిల్ తొక్కాడు. ఫోటో మాత్రం గూట్లోంచి తీయలేదు.

ఇక రెండో సంగతి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. చెబుతాను.

ఈ తొంభై ఐదో సంవత్సరం పంచాయతీ ఎన్నికల్లో మన సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. నా బిడ్డ నిలబడింది, గెలిచింది. ఆమెకు చదువు రాదు. మూడో తరగతి దాటని నేనే గురువునయ్యాను. పది రోజులు పొయ్యి దగ్గర కూర్చుని నేర్పాను. ఏం నేర్పాను? "పెద్దాయన సాక్షిగ, ఆయన మాట జవదాటనని ప్రమాణం జేస్తున్న" అని! మనకు ఒట్టంటే మనిషి మీద వేసేదే కదా. తల్లి మీద ఒట్టు, పిల్లల మీద ఒట్టు. నీళ్లిచ్చినవాడి మీద వేస్తే తప్పేమిటనుకున్నాను.

ప్రమాణం చేసే రోజు ఆమె అలాగే అంది. ఒకటే చప్పట్లు! వార్డు మెంబర్లంతా ఆమె వెనకే అదే మాట అన్నారు. ఆఖరున, బడి నౌకరీ నుంచి రిటైరయ్యాక నాలుగో వార్డు మెంబరుగా గెలిచిన కుర్మయ్య లేచాడు. ఆయనొక్కడే రాజ్యాంగం పేరు చెప్పి, చట్టంలో రాసినట్టు చదివాడు. చదివి, అందరి ముందూ "బిడ్డా, నీది కాలె. మళ్ల జెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన మెడలో తువ్వాలు పట్టుకుని, "నా బిడ్డ కుర్చీ గుంజుతవా?" అన్నాను. ఆయన నవ్వాడు. "గుంజుతలేను బావా, దానికి కాళ్లు పెడుతున్న" అన్నాడు.

ఆయన అన్నట్టే ఆ ప్రమాణాలు చెల్లవని పైనుంచి కాగితం వచ్చింది. గడువులోగా సరిగ్గా చేయకపోతే పదవి పోతుంది. మళ్లీ చేస్తే పెద్దాయనను అవమానించినట్టేనని, ఊళ్లో ఎలా తిరుగుతావో చూస్తామని అనుచరులు బెదిరించారు. నా బిడ్డ తిండి మానేసింది. ఎటు పోవాలి?

కుర్మయ్య రోజూ వచ్చాడు. ఆమె బర్రెలకు గడ్డి వేస్తుంటే పక్కన నిలబడి ఒక్కో మాట చెప్పించాడు. పెద్దాయనకు కోపమొస్తే ఎలాగని ఆమె భయపడితే, "రానీ బిడ్డా. ఆయన మీద నాకున్న ప్రేమ నా ఇంట్ల ఉంటది. రేపు ఆయనే తప్పు జేస్తే, ఆయన మీద ఒట్టేసినోళ్లు ఏం జెయ్యాలె?" అన్నాడు. అయ్యలారా, మీలో ఎవరి దగ్గరైనా దీనికి జవాబుందా?

ఆమెకు ఆఖరి మాట నోటికి వచ్చిన మర్నాడే ఆయన గుండె ఆగింది. శంషాబాద్ దవాఖాన చేరకముందే పోయాడు. గడువేమో ఇవాళ్టితో సరి. మైలలో ప్రమాణమేమిటని పెద్దలు అడ్డుపడ్డారు. అప్పుడు నా చెల్లెలు దుర్గవ్వే, "మైల ఇంటికి, ఊరికి గాదు. పో బిడ్డా" అంది.

పోయింది! భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని చెప్పింది. ఆమె తర్వాత మెంబర్లు ఒక్కొక్కరే లేచి మళ్లీ ప్రమాణం చేశారు. నాలుగో వార్డు కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది.

ఈ మాట చేరవేయాల్సినవాళ్లున్నారు. మామిడిపల్లిలో మా అక్క భారతమ్మకు చెప్పాలి, చెవులు వినబడవు, గట్టిగా చెప్పండి. షాద్‌నగర్ ఫ్యాక్టరీలో కుర్మయ్య మేనల్లుడు చందుకు చెప్పాలి, సెలవు దొరక్క రాలేదు. మంఖాల్‌లో ఆయన సొంత తమ్ముడు బాలమల్లుకు చెప్పాలి. పెద్దాయన పరువు తీశాడని అన్నతో మాట మానేశాడు, పాడె మోయడానికి కూడా రాలేదు. అతని దగ్గరికి నేనే పోతాను. కుర్మయ్య మీద అందరికంటే ముందు కోపగించుకున్నవాణ్ణి, నా మాట వింటాడు.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. దుర్గవ్వా, చెల్లె, నువ్వు లేవకు. నిలబడాల్సింది మేము.