అడ్డకర్ర లేని బెంచీ

తిట్టక్కా, తిట్టు, కడుపులో ఏమీ దాచుకోకు. ఆదివారానికి బెంచీ ఇస్తానన్నాను, ఇవ్వలేదు. ఇవ్వనుకూడా! ఆఁ, సరిగ్గానే విన్నావు.

అబ్బ, చెప్పులేసుకోకు, కూర్చో. ఆ స్టూలు మీద కాదు తల్లీ, దానికి ఇందాకే రంగేశాను! ఇదిగో, ఈ పెట్టె మీద.

నువ్వేం అడిగావు? ఇద్దరు కూర్చునే బెంచీ, నులకతో అల్లిన సీటు, చూడ్డానికి తేలిగ్గా ఉండాలి. అవునా? మూడు రోజులు కాగితాల మీద గీశాను. ఎలా గీసినా సీటు కింద ఆ అడ్డకర్ర ఒకటి కంట్లో నలుసులా కనిపిస్తోంది. తీసిపారేశాను.

మా అల్లికావిడ చూసి మొత్తుకుంది. "నులక బిగించేసరికి పొడుగు పట్టెలు రెండూ లోపలికి వంగుతాయండీ, మధ్యలో కర్ర ఉండాల్సిందే" అంది. నేను వింటేగా! ముప్ఫై ఏళ్ళ అనుభవం కదా, నాకే చెప్పొచ్చిందని బిగుసుకున్నాను.

ఆవిణ్ణి నువ్వు చూశావులే. ఆరేళ్ళుగా నా కుర్చీలన్నీ అల్లేది ఆవిడే. వస్తుంది, గుమ్మం దగ్గర వెలుగులో కూర్చుంటుంది, అల్లుతుంది, "వస్తానండీ" అంటుంది, వెళ్ళిపోతుంది. ఇంటి దగ్గర ఆవిడకీ ఎవరూ లేరు. ఆ సంగతి తెలుసుకోడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఉండు, అప్పుడే నవ్వకు. అసలు సంగతి ఇంకా రాలేదు.

మొన్న అల్లిక పూర్తయింది. ఎలా కుదిరిందో చూద్దామని ఆవిడ ఆ చివర, నేను ఈ చివర కూర్చున్నాం, బస్సులో పరాయివాళ్ళలాగా. కిర్రుమంది. పట్టెలు వంగాయి, నులక వదులైంది, మధ్యలో ఇంత గుంట! ఇక చూస్కో, ఇద్దరం జారుడే జారుడు! భుజానికి భుజం తగిలాకగానీ ఆగలేదు.

లేవబోయాను. లేవలేకపోయాను. ముందు ఆవిడ నవ్వింది. తర్వాత ఇద్దరం కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నీ మరదలు పోయాక నేనంతలా నవ్వడం అదే అక్కా. ఎంత బాగుందో!

"అల్లిక విప్పి కర్ర వేద్దాం, కోసి ఉంచండి" అని చెప్పి వెళ్ళింది.

కోశాను. ఇందాక ఆవిడొచ్చి పెట్టి చూస్తే, జానెడు పొట్టి! వెంట్రుకవాసి తేడా వస్తే చెక్క పారేసేవాణ్ణి, నేను! ఆవిడ కర్రవంక చూసింది, నావంక చూసింది. "ఇంకోటి కోస్తే?" అంది.

"అదీ పొట్టిదే అవుతుందండీ" అన్నాను.

కర్ర మూలన పెట్టేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఈసారి చివర కాదు, తిన్నగా మధ్యలోనే!

పొరపాటేంటక్కా, కావాలనే కోశాను. నీ దగ్గర దాపరికమేంటి?

ఏమడిగానా? ఏమీ అడగలేదు! యాభై రెండేళ్ళొచ్చి కూడా, నీళ్ళు తెస్తానని చెప్పి ఇలా పారిపోయొచ్చాను. ష్, అరవకు! వెనక గదిలోనే ఉంది. నువ్వు సమయానికొచ్చావు. ఇంటికి పెద్దదానివి, నువ్వే వెళ్ళి అడుగు.

కానీ నిలబడే అడగాలక్కా. ఆ బెంచీ మీద నీకు చోటు లేదు.