ఇరవై నాలుగేళ్ల పాప

స్కానింగ్ గది బయట బెంచీ మీద తల్లి, పక్కనే కూతురు. తల్లి ఒళ్లో అంచులు నలిగిన పాత ఫైలు.

“ఫైలు మీద ఇంకా ‘పాప’ అనే ఉందేంటమ్మా? పాపకి ఇరవై నాలుగేళ్లు.”

“పేరు పెట్టేలోపే ఆపరేషన్ చేశారు మరి. కడుపులో ఉండగానే కిడ్నీ వాపు తెచ్చుకున్న ఘనురాలివి.”

“అక్కడ నాకు వేరే పనేముంది?”

“నోరు మాత్రం ఏ లోపం లేకుండా పుట్టింది.”

“నయం చేశాడని దేవుడికి మొక్కు తీర్చేశావు కదా. మళ్లీ ఏటా ఈ స్కానింగ్ దేనికి? ఆయన పని మీద తనిఖీయా?”

తల్లికి ఆ ప్రశ్న కొత్తది కాదు. దండం పెట్టుకున్న ప్రతిసారీ తనను తాను అడుగుతూనే ఉంది.

“ఆయన మీద నమ్మకముంది. నీ మీదే లేదు. ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగవు.”

గంట తర్వాత ఇద్దరూ డాక్టరు గదిలోంచి బయటికొచ్చారు. తల్లి ఆయన రాసిన కాగితం రెండుసార్లు చదివింది.

“వాపు లేదట. రెండూ బాగా పనిచేస్తున్నాయట. ఇక ఏటా రానక్కర్లేదట.”

“మరి ఆ ఏడుపు మొహమేంటి? మూడో కిడ్నీ ఉంటే చూపించేదానివా?”

“డాక్టరుకేం, రాసి పారేశాడు. ఆ రోజు నిన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తే, తలుపు బయట నిలబడింది ఆయనా?”

కూతురు తల్లి చేతిలోని ఫైలు తను తీసుకుంది.

“ఇకనైనా నీళ్లు తాగావా అని అడగడం మానేస్తావా?”

“ఒట్టు. అడగను.”

మెట్ల దగ్గర తల్లి ఆగింది. సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, కూతురి చేతికిచ్చింది.

“అమ్మా!”

“నేనేమైనా అడిగానా?”

కూతురు అక్కడే నిలబడి సగం సీసా తాగేసింది.