ఇద్దరు తోడేళ్లు

మనవడికి సున్తీ చేసి పేరు పెడతారని విల్నా ఊళ్లోని యూదుల ప్రార్థనా మందిరం దాకా వచ్చి, ముసలాయన గుమ్మంలోనే మొరాయించాడు.

"వాడికి వోల్ఫ్ అని పెడతారా? బతికున్నవాళ్ల పేరు పెట్టకూడదుగా, నేనింకా బతికే ఉన్నానే!"

"మీ పేరు కాదండీ, కోడలి తాతది. పోయినాయన పేరేగా!" అంది భార్య.

"ఎవరిదైతేనేం? వోల్ఫంటే తోడేలేగా, ఆయనా తోడేలే, నేనూ తోడేలే. రేపు మృత్యుదూత వోల్ఫ్ ఎక్కడని వచ్చి, నా బదులు పసివాణ్ణి పట్టుకుపోతే?"

"అయ్యో! కోడలు చెబితే వినే రకం కాదే. అచ్చం మీలాగే మొండిఘటం."

"అయితే నా పేరే మార్చుకుంటాను. ఇవాళ్టి నుంచి నేను ఆల్టర్‌ని."

"ఆల్టరంటే ముసలాడనేగా?"

"అవును."

"దానికింత రభస దేనికండీ? మీ వెనకాల నేను ఏనాటి నుంచో అలాగే పిలుస్తున్నాను. పదండి లోపలికి!"