రేపటి వార్తలు పలికిన పెడల్

రేడియో బాబాయి చేతికి ఏ వస్తువిచ్చినా అది బాగవుతుందో లేదో గానీ, దాని మీద కథ మాత్రం తయారవుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికంటే ఆయన అన్న కూతురికే బాగా తెలుసు. తెలిసి తెలిసీ నిన్న తన గిటార్ పెడల్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. వీధి మొత్తానికి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఉన్నది ఆయన దగ్గరే మరి.

పెడల్ ఆమె సొంతంగా తయారుచేసుకున్నదే. చిన్న రేకు డబ్బా, లోపల కాసిని వైర్లు, పైన కాలితో నొక్కే మీట, పక్కన చేత్తో తిప్పే నాబ్. నొక్కితే గిటార్ గొంతు గరుగ్గా మారి హాలు దద్దరిల్లాలి. పోయిన ప్రోగ్రాంలో నొక్కగానే గుర్రుమంది, పాట మధ్యలో మూగబోయింది. ఇవాళ సాయంత్రం కూడా అలాగే చేస్తే వేరే గిటారిస్టుని చూసుకుంటామని బ్యాండులో పాడేవాడు మొహం మీదే చెప్పేశాడు. నిన్నటి నుంచీ ఆమెకు అదే బెంగ.

టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి బాబాయి బెంచీ మధ్యలో ఉన్నాడు. ఒళ్ళో పెడల్, అటు సైకిల్ మెకానిక్, ఇటు టైలరు. ఆమెకు అక్కడే నీరసం వచ్చేసింది.

"అయిపోయిందా బాబాయ్?"

"అయిపోవడమేంటి తల్లీ, చరిత్రే జరిగిపోతేనూ. కూర్చో."

కూర్చుంటే లేవడం తన చేతిలో ఉండదు కాబట్టి ఆమె నిలబడే చెయ్యి చాచింది. ఆయన పెడల్ మీద రెండు చేతులూ వేసి కథ అందుకున్నాడు.

"ఏం లేదర్రా, మొదట ఉన్నది చిన్న గుర్రే. ఇంకొకడైతే వైర్లన్నీ పీకి కుప్ప పోసేవాడు. నేను మూత తీశాను, చెవి ఆనించాను. జ్వరమొచ్చినవాడు మూలుగుతాడు చూడండి, అచ్చం అదే మూలుగు. ఈ మూలనున్న కెపాసిటర్‌కి జలుబు చేసిందని తెలిసిపోయింది. పక్కనున్న వైరు ఇలా సర్ది ఒక్కసారి ఊదాను, గుర్రు మాయం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

గుర్రు పోతే ఇచ్చెయ్యమని, బ్యాండు వాళ్ళ వ్యాను వచ్చే వేళయిందని ఆమె బతిమాలింది. ఆయన ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. గుర్రు పోయిన చోట వార్తలు మొదలయ్యాయట. అలా జరుగుతుంది, ఇలాంటి డబ్బాలు ఒక్కోసారి రేడియోని పట్టేస్తాయని మెకానిక్ ఒప్పుకున్నాడు. బాబాయితో వచ్చిన చిక్కే అది. మొదట ఒక నిజం పారేస్తాడు, జనం దాన్ని ఏరుకునేలోపు ఎక్కడికో వెళ్ళిపోతాడు.

నాబ్ కాస్త తిప్పితే పక్క దేశం వార్తలు, ఇంకాస్త తిప్పితే సముద్రం అవతలివి. ఆ భాషలన్నీ నీకెలా వచ్చని టైలరు అడిగితే, డబ్బా బాగైతే భాష దానంతటదే అర్థమవుతుందన్నాడు. మరికాస్త తిప్పితే విమానం నడిపేవాడు దొరికాడట, పొగమంచులో దారి తప్పి ఏడుస్తున్నాడట.

"వాడికి ధైర్యం చెప్పి ఈ నాబ్ ఎడమకి తిప్పాను, విమానం ఎడమకి తిరిగింది. కుడికి తిప్పాను, కుడికి తిరిగింది. మన వీధి మీదుగానే దింపాను, మీరంతా మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బాబాయ్, నా ప్రాణం తియ్యకు," అందామె. కాలు నేలకేసి కొట్టింది. అది కూడా కథకు తాళమే అనుకున్నాడో ఏమో, ఆయన ఇంకా ఉత్సాహపడ్డాడు.

"ఇక తిరగదన్న చోట నాబ్‌ని ఇంకొక్క పిసరు తిప్పాను. వార్తలొచ్చాయి. ఎప్పటివి? రేపటివి! నిన్న రాత్రి హాల్లో మా అన్న కూతురు గిటార్ వాయిస్తే జనం లేచి నిలబడ్డారని చదివారు. నా చెవులారా విన్నాను తల్లీ. ఇక నువ్వు కంగారుపడటం దేనికి?"

టైలరు చప్పట్లు కొట్టబోయాడు. ఆమె వంగి, ఆయన చేతులు పక్కకు నెట్టి, పెడల్ లాక్కుని బోర్లా తిప్పింది.

కాలి దెబ్బలకు మూత స్క్రూలు వదులైపోకుండా ప్రతి స్క్రూ తల మీదా గోళ్ళ రంగు చుక్క వేయడం ఆమెకు అలవాటు. స్క్రూ కదిలితే రంగు పగులుతుంది. ఎర్ర చుక్కలు నాలుగూ నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ బీట లేదు.

"ఆ వార్తల్లో నువ్వు ఈ మూత ఎప్పుడు తీశావో కూడా చదివారా?"

మెకానిక్ వంగి చూశాడు, తర్వాత బాబాయిని చూశాడు, టీ పొలమారి దగ్గాడు. మెకానిక్, టైలరు ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆమె నవ్వలేదు. మెకానిక్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, బెంచీ మీదే మూత ఊడదీసింది. గిటార్ కేబుల్ గుచ్చే సాకెట్ నట్టు వదులై గిరగిరా తిరుగుతోంది. దానితో పాటు మెలితిరిగి వైరు అతుకు ఊడి వేలాడుతోంది. ఒక్క అతుకు వేసి నట్టు బిగిస్తే సరిపోయే పని. దీనికోసమా నిన్నటి నుంచీ తను అన్నం మానేసింది? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు బాబాయి, చాలా నెమ్మదిగా.

"లే బాబాయ్. ఇంటికెళ్ళి ఐరన్ వేడిపెట్టు, వెనకే వస్తున్నా. దారిలో ఎవరు పలకరించినా ఆగకు."