యాకమ్మ కొంగున తాళంచెవి

పద్మక్కా, అమ్మా మానసా, సదానందం గారితో మంటల్లోకి నడిచిన ఫైర్ స్టేషన్ సోదరులారా, కాజీపేట నుంచి వచ్చిన ఇరుగుపొరుగు పెద్దలారా, నా పిల్లలారా, అందరికీ నమస్కారం. నేను సావిత్రిని. ఈ సర్కారు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని.

సంతాప సభను అన్నాలు తినే హాలులో పెట్టడమేమిటని కొందరు అడిగారు. పిల్లలు పెట్టమన్నారు. సార్ ఎప్పుడొచ్చినా ముందు ఈ హాలుకే వచ్చేవారు కదా మేడం, ఇక్కడే కూర్చుందాం అన్నారు. పోయిన గురువారం సదానందం గారి గుండె ఆగింది. రిటైరై ఏడాది కూడా కాలేదు. ఇంట్లో కాలు నిలవని భర్త, ఇప్పుడిప్పుడే పద్మక్కకు ఇంట్లో దొరుకుతున్నారు. అంతలోనే పోయారు. మిమ్మల్నీ, మీ బిడ్డ మానసనూ ఏం చెప్పి ఓదార్చను అక్కా? అందుకే ఆయన సంగతులే చెబుతాను.

ఫైర్ ఆఫీసరుగా ఆయన మొదటిసారి తనిఖీకి వచ్చింది మూడేళ్ల కింద. తనిఖీ అంటే మనకు తెలిసిందే కదా. నేలంతా కడిగించాను. మంటలార్పే ఎర్ర సిలిండర్లను తళతళ మెరిసేలా తుడిపించాను. చాయ్, బిస్కెట్లు పెట్టించాను. సదానందం గారు సిలిండర్ల వైపు చూశారా? చూడలేదు. చాయ్ ముట్టారా? ముట్టలేదు. నేరుగా ఈ వెనక తలుపు దగ్గరికి వచ్చి, దానికున్న తాళం చూసి, నన్ను కాదు, వంట చేసే యాకమ్మను అడిగారు. "అక్కా, దీని చెవి ఎవరి దగ్గరున్నది?"

యాకమ్మ నన్ను చూసింది. నేను మేట్రన్‌ను చూశాను. ఆయన గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. హాస్టలంతా గాలించాం. చివరికి నా బీరువాలో స్టాక్ రిజిస్టర్ కింద దొరికింది. పద్నాలుగు నిమిషాలు! నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఆయన ఆ చల్లారిన చాయ్ తాగి మెల్లగా అన్నారు. "పొగకు రెండు నిమిషాలు చాలు మేడం."

తాళం ఎందుకు వేశానో అడిగారు. చెప్పాను. వెనక గోడ పొట్టిది సార్, ఎవరైనా దూకుతారు, పరకాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నన్ను నమ్మి పంపిన తల్లులకు నేనేం జవాబు చెప్పాలి? ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. మీ భయం నిజమే, గోడ ఎత్తు పెంచాలి అన్నారు. గోడ పెంచమని ఐదు ఉత్తరాలు రాశారు. ప్రైవేటు బిల్డింగ్ అయితే నోటీసు అంటిస్తారు, మాట వినకపోతే తాళం వేస్తారు. సర్కారు బిల్డింగ్ సంగతి వేరు. సర్కారుకు సర్కారు రాసిన ఉత్తరం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోయి నిద్రపోతుంది. ఐదూ నిద్రపోయాయి.

ఆయన మాత్రం ఊరుకోలేదు. సెలవు రోజున వెల్డింగ్ చేసే మొగిలయ్యను స్కూటర్ మీద ఎక్కించుకొని వచ్చి, తలుపుకు తాళం బదులు లోపలి నుంచి గడియ పెట్టించారు. ఆరో తరగతి పిల్ల చేత పది సార్లు తీయించి చూసి గానీ కదల్లేదు. ఎంతో ఓపిక ఆ మనిషికి.

ఇక ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పద్మక్కా, మీ ఎదుట చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

రెండు నెలలకు ఎవరో ఇద్దరు నిజంగానే గోడ దూకారు. పిల్లలు జడుసుకున్నారు. తెల్లారే నేను మళ్లీ తాళం వేశాను. తర్వాతి తనిఖీ రోజు పొద్దున తీశాను, ఆయన వెళ్లగానే వేశాను. రోజూ ఇట్లనే తీసి ఉంటుందా మేడం అని అడిగితే, ఉంటుంది సార్ అన్నాను. కళ్లలోకి చూసి అన్నాను. ఆయన రిజిస్టర్‌లో ఒకే వాక్యం రాశారు. "నేను చూసిన పూట తలుపు తీసి ఉంది." గండం గడిచిందనుకున్నాను.

పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందు మెట్ల పక్కన పరుపుల గదిలో వైర్లు కాలాయి. పొగకు ముందు మెట్లు కనబడలేదు. పిల్లలంతా వెనక మెట్ల నుంచి ఈ హాలులోకి దిగారు. ఎదురుగా నా తాళం. నేను బీరువా దగ్గర చెవి కోసం తడుముకుంటున్నాను. అంతలో తలుపు చప్పుడైంది. యాకమ్మ కొంగుముడి విప్పి, ఇంకో చెవితో తీసింది. ఎనభై నాలుగు మంది పిల్లలు బయటపడ్డారు.

ఫైరింజన్‌తో వచ్చిన సదానందం గారు పిల్లలను రెండుసార్లు లెక్కపెట్టారు. తర్వాత యాకమ్మ చేతిలోని తాళం తీసుకొని నా చేతిలో పెట్టారు. "తాళం మంచిగున్నది మేడం. మీ బీరువకు ఏసుకోండ్రి." అంతే. నలుగురిలో ఇంకొక్క మాట అనలేదు. రిపోర్టులో మాత్రం దాచలేదు, నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. ఐదు ఉత్తరాలకు లేవని గోడ కూడా ఆ తర్వాతే లేచింది.

యాకమ్మ తన తెలివితోనే ఇంకో చెవి చేయించుకుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. గురువారం కబురు తెలిసినప్పుడు ఆమె ఏడుస్తూ చెప్పింది. నేను అబద్ధమాడిన ఆ రోజే ఆయన వంటింట్లోకి వెళ్లి అడిగారట. యాకమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పేసిందట. అప్పుడు ఆయన అన్న మాట ఇది. "మేడం మీద రాస్తే మేడం పోతది, తాళం పోదు. ఆమె పిల్లల మీది పాణంతోటే ఏస్తాంది అక్కా. నువ్వు ఇంకో చెవి చేయించి కొంగుకు కట్టుకో. గోడ లేసేదాక ఇప్పకు."

నేను ఆయన్ను మోసం చేశాననుకున్నాను. ఆయన నా భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. నా అబద్ధం నుంచి నా పిల్లలను కాపాడారు. ఒక్కసారైనా ఎదురుగా నిలబడి, తప్పయింది సార్ అని అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను. తప్పయింది సార్.

యాకమ్మా, గోడ లేచింది. మళ్లీ కట్టుకున్న ఆ ముడి ఇక విప్పు. చెవిని సార్ ఫోటో ముందు పెట్టు.

మిగతా అందరినీ ఒకటే అడుగుతున్నాను. మన సదానందం గారి కోసం రెండు నిమిషాలు మౌనంగా లేచి నిలబడదాం. ఆయన చెప్పిన ఆ రెండు నిమిషాలే. ఎంత పొడవో, ఎంత పొట్టివో, నిలబడితే మీకే తెలుస్తుంది.

లేవండి. వెనక తలుపు తీసే ఉంది.