దొంగ పొయ్యి

గవరయ్యని ఒకడు. ఈతాకు కోసుకొచ్చి చాపలల్లుకుని బతికేవోడు. తెల్లారకుండా వాగవతలికి పోతే మళ్ళీ దీపాలేళకి గానీ ఇంటికి రాడు. పెళ్ళాం పేరు సింహాలు. ఆ కాలంలో పొయ్యికి పన్నంట. నవ్వకండర్రా, నిజంగానే. ఇంటికి కాదు, మనిషికి కాదు, పొయ్యికి. ఇంట్లో ఎన్ని పొయ్యిలు మండితే అన్ని పన్నులు. వాగుకి కట్ట కట్టడానికని చెప్పారంట. బంట్రోతు వస్తాడు, బూడిదలో చెయ్యెట్టి చూస్తాడు. వెచ్చగా ఉందా, పన్ను కట్టాల్సిందే. కట్టలేదా, పొయ్యి పగలగొట్టి ఇంట్లో కుండా చట్టీ పట్టుకుపోతారు. ఆ ఏడు వానలు ముంచేసి ఈతాకంతా కుళ్ళిపోయింది, చాప కొన్నోడు లేడు. పన్ను ఎలా కట్టాలిరా దేవుడా అని గవరయ్యకి తిన్నది ఒంటబట్టేది కాదు. బంట్రోతు చెప్పుల చప్పుడు వినపడితే చాలు, అల్లే చాప వదిలేసి మూల నక్కేవాడంట.

ఇలా ఉండగా ఏమైందంటే, సంతలో చాటింపేశారు. "ఎవరైనా చెప్పకుండా దొంగ పొయ్యి పెట్టుకుంటే, అది చూపించినోడికి ఈ ఏటి పన్ను మాఫీ! చూపించినోడి పేరు బయటికి రాదు! దాచినోడి గొడ్డూ గోదా కుండా చట్టీ జప్తు! తప్పుడు కబురు చెప్తే మాత్రం గుండు గీయించి ఊరేగిస్తాం!" అని. ఇన్ని మాటలన్నారా, గవరయ్య చెవిలో 'మాఫీ' అన్న మాటొక్కటే గింగురుమంటా ఉంది. ఇంటికొస్తా ఉంటే పక్కింటి పైడమ్మప్ప పెరట్లో రెండు పొగలు కనపడ్డాయి. ఒకటి కప్పు మీంచి, ఒకటి తడిక వెనకాల నుంచి. పైడమ్మప్పంటే మొగుడు పోయిన మనిషి, ఒక్క పాడిగేదె మీద బతుకుతుంది. కట్టేది ఒక్క పొయ్యికే పన్ను. ఒంటి మనిషికి రెండు పొయ్యిలెందుకు అనుకున్నాడు. అనుకున్నాక ఇంక మనసు ఊరుకుంటదా?

మరి ఊరిపెద్ద ఇంట్లో ముగ్గురు కోడళ్ళు, మూడు పొయ్యిలు. ఊరందరికీ తెలుసు. ఆయన కడతంది ఒక్కదానికే. పోనీ ఆయన సంగతి చెప్దామా అనుకున్నాడంట గవరయ్య. వద్దులే, పెద్దోళ్ళతో మనకెందుకు అనుకున్నాడు. మళ్ళీ పైడమ్మప్ప తడిక వైపే చూశాడు. నేనేం అబద్ధం చెప్తన్నానా? ఉన్నదే కదా చెప్తంది, ఎగ్గొట్టడం మాత్రం తప్పు కాదేంటి, అందరూ ఎగ్గొడితే వాగుకి కట్టెవడు కడతాడు? ఇలా తనకి తనే సర్దిచెప్పుకుని, అటు చూసి ఇటు చూసి, వెళ్ళి బంట్రోతు చెవిలో ఊదేశాడు. "రేపు జప్తు చేసే అమీనుగారొస్తారు, నువ్వెక్కడికీ పోకు" అన్నాడు బంట్రోతు.

చెప్పేదాకా ఒక భయం, చెప్పాక ఇంకో భయం. వచ్చేసరికి పైడమ్మప్ప గేదెకి గడ్డేస్తా ఉంది. "ఏరా గవరయ్యా, మొహం అలా పీక్కుపోయిందేంట్రా? మజ్జిగిచ్చాను సింహాలుకి, పోసుకుని తిను" అంది. వాడు తలొంచుకుని గబగబా ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు. సింహాలు అన్నం పెట్టింది, పొగలు కక్కుతోంది. ముద్ద దిగితేగా! కంచం వైపు చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పితే ఏం కనపడిందనుకున్నారు? వాళ్ళ పొయ్యి. పొయ్యిలో చల్లటి బూడిద, బూడిద మీద కోడి పొదుగుతా కూర్చునుంది! ఏం, నవ్వుతావేంట్రా? మగోళ్ళు పొయ్యి వైపు చూస్తారా ఎప్పుడైనా? కంచం వైపు చూస్తారు.

"ఇదేంటే, పొయ్యిలో కోడుంటే మరి ఈ అన్నం ఎక్కడ వండావే?" అన్నాడు. సింహాలు చెప్పేసింది. "పైడమ్మప్ప పెరట్లో వండతన్నాను. మీ పొయ్యి చల్లగా ఉంటే పన్ను అడగరు, నా తడిక చాటున ఇంకో పొయ్యేస్తాను, కుండ పట్టుకొచ్చి అక్కడ వండుకోవే అంది ఆ తల్లి. నీ నోట్లో నువ్వుగింజ నానదని నీకు చెప్పలేదు" అంది. గవరయ్య చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. "ఎంత పని చేశానే సింహాలూ! బంట్రోతుకి చెప్పేశానే!" అని బావురుమన్నాడు. అది నెత్తి కొట్టుకుంది. "ఉన్నదే చెప్పానే" అని గొణిగాడు. "ఉన్నదే చెప్పావు. పెద్దాయనింట్లో మూడున్నాయి కదా, అవి కూడా ఉన్నవే కదా, అవెందుకు చెప్పలేదు?" అని అడిగింది. పోనీ పొయ్యి పడగొట్టేద్దామంటే, గోడకి పట్టిన మసి ఎక్కడికి పోతుంది? వెళ్ళి పైడమ్మప్పకి చెప్పేద్దామని తడికదాకా వెళ్ళాడు. "ఏరా, నిప్పు కావాలా?" అంది. అప్పట్లో అగ్గిపెట్టెలెక్కడివి, ఇరుగుపొరుగు దగ్గర నిప్పు తెచ్చుకోవడమే కదా. "కాదప్పా, ఊరికే" అని తిరిగొచ్చేశాడు.

తెల్లారింది. అమీను వచ్చాడు, వెనకాల బంట్రోతు, వాళ్ళ వెనకాల ఊరంతా. తడిక లాగేశారు. పొయ్యి, పొయ్యి మీద సింహాలు కోసం పైడమ్మప్పే ఎక్కించిన గంజికుండ. బంట్రోతు బూడిదలో చెయ్యెట్టాడు, చురుక్కుమంది. "ఎవరిదీ పొయ్యి?" అన్నాడు అమీను. పైడమ్మప్ప గేదె మెడ మీద చెయ్యేసి నిలబడింది. ఏమందో తెలుసా? "నాదే బాబూ" అంది. సింహాలు పేరెత్తలేదు, గవరయ్య పేరెత్తలేదు. బంట్రోతు పలుపు విప్పేశాడు. గేదె అరుస్తా ఉంది, ఆవిడ దాని వెనకాలే నడుస్తా ఉంది. ఇంక గవరయ్యకి ఆగింది కాదు. "కాదు దొరా! ఆ పొయ్యి నాది! మా ఇంటి వంట దాని మీదే అవుతుంది!" అని అరిచాడు. బంట్రోతు వెనక్కి తిరిగి, "అదేంట్రా, నిన్న దీని గురించి చెప్పింది నువ్వే కదరా!" అన్నాడు. పేరు బయటికి రాదన్నారు కదా, వచ్చేసింది. ఊరంతా ఒక్కసారి వాడి వైపు తిరిగింది. పైడమ్మప్ప కూడా తిరిగింది.

అమీను బుర్ర గోక్కున్నాడు. చూపించినోడికేమో మాఫీ చెయ్యాలి, దాచినోడికేమో జప్తు చెయ్యాలి. ఇద్దరూ ఒకడే అయ్యాడు! ఆఖరికి, "పన్ను మాఫీ, కుండలు జప్తు. గేదెనొదిలెయ్" అన్నాడు. పొయ్యి పగలగొట్టారు, సింహాలు కుండలన్నీ బండెక్కించేశారు. మధ్యాహ్నం అమీను భోంచేసింది ఎక్కడనుకున్నారు, ఊరిపెద్ద ఇంట్లోనే. ఎన్ని పొయ్యిల మీద వండారని ఆయన అడగలేదంట.

మర్నాడు నిప్పుకెళ్ళడానికి సింహాలుకి మొహం చెల్లలేదు. గవరయ్యే పెంకు పట్టుకుని వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాడు. పైడమ్మప్ప లోపలికెళ్ళి నాలుగు నిప్పులు తెచ్చి పెంకులో వేసింది. ఓ పాత కుండ కూడా తెచ్చి పక్కన పెట్టింది. "పొయ్యిలో పుల్ల పెట్టేవాళ్ళని చూశాను గానీ, అన్నం పెట్టే పొయ్యికే పుల్ల పెట్టినోణ్ణి నిన్నే చూశాను" అంది. వాడు కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ వెనక్కి జరిగి, "వెళ్ళండి గవరయ్యగారూ, నిప్పు చల్లారిపోద్ది" అంది. విన్నారా? వెళ్ళండి అంది. గారూ అంది. చిన్నప్పట్నుంచీ ఏరా అని పిలిచిన మనిషి! ఆ తర్వాత వాళ్ళు నిప్పడిగితే ఆవిడ నిప్పిచ్చింది, ఉప్పడిగితే ఉప్పిచ్చింది, ఒక్కనాడూ లేదనలేదు. చచ్చిపోయేదాకా మళ్ళీ ఏరా అని మాత్రం పిలవలేదంట. ఒక్కసారి తిట్టప్పా, కొట్టప్పా, ఏరా అనప్పా అని వాడు తడిక పట్టుకుని ఏడ్చేవాడంట.

పైడమ్మప్పది తప్పు కాదా అంటావా? తప్పో ఒప్పో నువ్వే తేల్చుకో, నాకు ముక్కుపొడుం అయిపోయింది. పొయ్యి పన్ను పోయింది గానీ, చెప్పినోడికి ఇస్తామనే చాటింపులు ఇప్పటికీ వస్తానే ఉన్నాయి కదా. సరే, లేవండింక, ఇళ్ళకి పోయి తినండి. తినేముందు ఓసారి పొయ్యి వైపు చూడండి. మగోళ్ళకే చెప్తున్నా.